షట్‌డౌన్ కొడితే బ్లూ స్క్రీన్ వస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేయండి

"అన్నా, షట్‌డౌన్ కొడితే లాప్‌టాప్ ఆగట్లేదు, దానంతటదే మళ్ళీ ఆన్ అవుతోంది." "రాత్రి ఆపేసి పడుకున్నా, పొద్దున చూస్తే ఇంకా షటింగ్ డౌన్ అని చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి." "వాడినంతసేపు బాగానే ఉంటుంది, ఆపేటప్పుడే బ్లూ స్క్రీన్." ఈ మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయి ఇది రాస్తున్నాను. చూడ్డానికి మూడు రోగాల్లా ఉంటాయి. చాలాసార్లు రోగం ఒకటే: ఏదో ఒక డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ఆగమన్నప్పుడు ఆగడం లేదు.

మా బంధువుల అబ్బాయి అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోర్సు నేర్చుకుంటున్నాడు. వాడి లాప్‌టాప్‌కి ఇదే గోల. దగ్గర్లోని షాపుకి తీసుకెళ్తే, "విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నారు. కొట్టేశారు. డబ్బులు పోయాయి, ప్రాజెక్టు ఫైళ్ళు సగం పోయాయి. రెండు రోజులు బాగా నడిచింది, మూడో రోజు మళ్ళీ మొదటికే వచ్చింది. కారణం ఏంటంటే, వాడు వాడే పాత యూఎస్‌బీ వైఫై డాంగిల్‌. ఫార్మాట్ అయ్యాక దాన్ని మళ్ళీ గుచ్చాడు, అదే డ్రైవర్ మళ్ళీ ఎక్కింది. ఫార్మాట్‌తో డ్రైవర్ పోతుంది గానీ, పరికరం అక్కడే ఉంటే అది తిరిగి వస్తుంది. అందుకే ముందు దొంగ ఎవరో పట్టుకోవాలి.

థియరీ ఒక్క పేరాలో చెప్పేస్తాను. మీరు షట్‌డౌన్ నొక్కగానే విండోస్ ప్రతి పరికరానికీ "ఇక పడుకో" అని కబురు పెడుతుంది. ఆ కబురు అందుకుని "సరే" అని జవాబు చెప్పాల్సింది డ్రైవర్. ఫంక్షన్ హాల్ వాచ్‌మన్ తాళం వేసే ముందు ఒక్కో గది తలుపూ తడతాడు కదా, అలాగన్నమాట. ఒక గదిలోంచి జవాబు రాకపోతే వాచ్‌మన్ నిలబడిపోతాడు. విండోస్ కొన్ని నిమిషాలు ఎదురుచూసి, ఇక లాభం లేదని బ్లూ స్క్రీన్ వేస్తుంది (విండోస్ 11 కొత్త వెర్షన్లలో అది నల్లగా ఉంటుంది). ఆ స్క్రీన్ మీద ఎక్కువగా కనిపించే పేరు 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్', దాని నంబరు 9ఎఫ్.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- అడ్మిన్ పాస్‌వర్డ్.
- చార్జర్. పని చేసినంతసేపూ పెట్టే ఉంచండి.
- ముఖ్యమైన ఫైళ్ళు కాపీ చేసుకోవడానికి పెన్‌డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ డిస్క్. కాపీ అయ్యాకే మొదటి మెట్టు.
- బిట్‌లాకర్ రికవరీ కీ. 48 అంకెలు ఉంటుంది. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావరకు మీకు తెలియకుండానే డిస్క్‌ని బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనిదే చదవలేనట్టు తాళం వేసి ఉంటాయి. సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే తీరు, నాలుగో మెట్టులో వస్తుంది) వెళ్ళేటప్పుడు ఆ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లో తెరిచి కాగితం మీద రాసుకోండి.
- ఫోటోలు తీయడానికి ఫోన్.
- లాప్‌టాప్ మోడల్ నంబరు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో మరోచోటో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మోడల్ కావాలి. క్యాబినెట్ మీద రాసిన పేరు దేనికీ పనికిరాదు. స్టార్ట్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని వెతికి, 'బేస్‌బోర్డ్ ప్రొడక్ట్' వరుసలో ఏముందో రాసుకోండి.

ఇది ఆఫీసు లాప్‌టాప్ అయితే రెండో మెట్టు నుంచి ఏదీ ముట్టుకోకండి. బ్లూ స్క్రీన్ ఫోటో తీసి, ఏ టైముకి వచ్చిందో రాసి ఐటీ వాళ్ళకి టికెట్ వేయండి. వాళ్ళు పెట్టిన వీపీఎన్, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మీరు పీకేస్తే తలనొప్పి డబుల్ అవుతుంది.

1. పవర్ బటన్ మీంచి వేలు తీయండి

అందరూ చేసే తప్పు ఇదే. చుక్కలు రెండు నిమిషాలు తిరగగానే బటన్ నొక్కి పట్టుకుని ఆపేస్తారు. అలా ఆపితే విండోస్ దొంగ పేరు రాసుకునే అవకాశమే ఉండదు. ఒక్కసారి ఓపిక పట్టండి. చార్జర్ పెట్టి, షట్‌డౌన్ కొట్టి, ఇరవై నిమిషాలు వదిలేయండి. టీ తాగి రండి. బ్లూ స్క్రీన్ వస్తే ఫోటో తీయండి. కింద ఉండే 'స్టాప్ కోడ్' కావాలి, కొన్నిసార్లు 'వాట్ ఫెయిల్డ్' అని ఫైల్ పేరు కూడా ఉంటుంది. అది ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

ఇరవై నిమిషాల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటే అప్పుడు బటన్ నొక్కి పట్టుకోండి. ఒక జాగ్రత్త: 'అప్‌డేట్స్ ఇన్‌స్టాల్ అవుతున్నాయి, ఆపొద్దు' అన్న అర్థంలో ఏదైనా కనిపిస్తే అది క్రాష్ కాదు, అప్‌డేట్. దాన్ని మధ్యలో చంపొద్దు.

2. దానంతటదే రీస్టార్ట్ కాకుండా ఆపండి

"షట్‌డౌన్ కొడితే రీస్టార్ట్ అవుతోంది" అనేవాళ్ళలో చాలామందికి జరుగుతున్నది ఇదీ: ఆగేటప్పుడు క్రాష్ అవుతోంది, క్రాష్ అయితే రీస్టార్ట్ అవ్వాలని విండోస్‌లో ముందే టిక్ పెట్టి ఉంది. బ్లూ స్క్రీన్ ఇలా మెరిసి అలా పోతుంది, మీకు కనపడదు.

స్టార్ట్‌లో 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి తెరవండి. 'స్టార్టప్ అండ్ రికవరీ' కింద ఉన్న 'సెట్టింగ్స్' బటన్ నొక్కండి. అక్కడ 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ తీసేయండి. దాని కిందే 'రైట్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్' అని ఉంటుంది, అక్కడ 'స్మాల్ మెమరీ డంప్' ఎంచుకోండి. ఇక ప్రతి క్రాష్‌కీ ఒక చిన్న ఫైల్ సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల 'మినీడంప్' అనే చోట పడుతుంది.

ఎప్పుడో స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెబితే పేజింగ్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) ఆపేసి ఉంటే, ఆ డంప్ రాదు. అదే కిటికీలో 'పెర్ఫార్మెన్స్' సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వర్చువల్ మెమరీని మళ్ళీ 'ఆటోమేటిక్'కి పెట్టండి. డిస్క్ క్లీనర్ సాఫ్ట్‌వేర్లు కూడా ఈ డంప్‌లని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. ఈ పని అయ్యేదాకా వాటిని నడపొద్దు.

3. డైరీ చదవండి

విండోస్ రోజూ డైరీ రాస్తుంది. దాని పేరు ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనిపిస్తుంది. 'విండోస్ లాగ్స్', అందులో 'సిస్టమ్' తెరవండి. ఎర్ర గుర్తులు వందలు కనిపిస్తాయి, టెన్షన్ పడొద్దు. బాగున్న సిస్టమ్‌లోనూ అవి ఉంటాయి. మీకు కావాల్సిన నంబర్లు కొన్నే:

- 1074: షట్‌డౌన్ ఎవరు అడిగారో. మీరు నొక్కిన టైము ఇక్కడ ఉంటుంది.
- 6006: లాగ్ రాసే సర్వీస్ పద్ధతిగా ఆగింది.
- 6008: కిందటిసారి అనుకోకుండా ఆగిపోయింది.
- 41, 'కెర్నల్-పవర్' పేరుతో: సరిగ్గా ఆగకుండానే మళ్ళీ మొదలైంది.
- 1001, 'బగ్‌చెక్' పేరుతో: బ్లూ స్క్రీన్ వచ్చింది, కోడ్ ఇదీ.

41 చూడగానే 'పవర్ సప్లై పోయింది' అని తేల్చేసి కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నవాళ్ళు నాకు తెలుసు. ఆ 41 మీద నొక్కి 'డీటెయిల్స్' ట్యాబ్ చూడండి. 'బగ్‌చెక్‌కోడ్' ఎదురుగా 159 ఉంటే అదే మన 9ఎఫ్. విండోస్ ఇక్కడ మామూలు లెక్కలో రాస్తుంది, బ్లూ స్క్రీన్ మీద వేరే లెక్కలో రాస్తుంది, అంతే తేడా. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదు: కరెంటు పోయి ఉండాలి, మీరు బటన్ నొక్కి పట్టుకుని ఉండాలి, లేదా సిస్టమ్ గట్టిగా బిగుసుకుపోయి ఉండాలి. అక్కడే 'పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్' సున్నా కాకుండా పెద్ద నంబరు ఉందంటే బటన్ నొక్కింది మీరే. వానాకాలం సాయంత్రాలు మన దగ్గర కరెంటు ఎలా పోతుందో తెలిసిందే కదా, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో ఆ సున్నాల్ని పట్టించుకోవద్దు.

ఇంకో మంచి చోటు 'రిలయబిలిటీ హిస్టరీ'. స్టార్ట్‌లో వెతకండి. రోజుల వారీగా గ్రాఫ్ వస్తుంది. క్రాష్‌లు ఏ తేదీన మొదలయ్యాయో చూసి, దానికి ముందు రెండు మూడు రోజుల్లో ఏం ఇన్‌స్టాల్ అయిందో చూడండి. చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది.

4. నాలుగు పరీక్షలు

ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ప్రతి పరీక్షా కనీసం మూడుసార్లు చేయండి, ఒక్కసారి సరిగ్గా ఆగిందంటే ఏమీ అర్థం కాదు.

అ) షట్‌డౌన్ బదులు రీస్టార్ట్. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనేది వచ్చింది. దాంతో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు, సగం నిద్ర: కెర్నల్‌ని (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచిపెట్టి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు అదే తెస్తుంది. రీస్టార్ట్ మాత్రం పూర్తి ఆగడం. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ నిజం. రీస్టార్ట్ బాగుండి షట్‌డౌన్ మాత్రమే చెడితే, షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. అది ఆ ఒక్కసారికీ పూర్తిగా ఆపుతుంది. ఇదీ బాగుంటే ఐదో మెట్టుకి వెళ్ళండి.

ఆ) యూఎస్‌బీ అన్నీ పీకేయండి. అన్నీ అంటే అన్నీ. మౌస్ డాంగిల్, వైఫై డాంగిల్, ప్రింటర్, వేలిముద్ర యంత్రం, హబ్. సమస్య పోతే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ప్రతిసారీ షట్‌డౌన్ కొట్టండి. "మౌస్‌తో ఏమవుతుందిలే" అని వదిలేసేదే చివరికి దొరుకుతుంది.

ఇ) వైఫై, బ్లూటూత్, వీపీఎన్ ఆపి షట్‌డౌన్. ఇవి ఆపినప్పుడు బాగుంటే వాటిలోనే ఒకటి.

ఈ) సేఫ్ మోడ్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. 'ట్రబుల్‌షూట్', 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', 'స్టార్టప్ సెట్టింగ్స్', 'రీస్టార్ట్'. తర్వాత 4 నొక్కితే మామూలు సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌వర్క్‌తో సేఫ్ మోడ్. 4లో బాగా ఆగి 5లో ఆగకపోతే నెట్‌వర్క్ డ్రైవర్ మీద అనుమానం గట్టిపడినట్టే. రెండింటిలోనూ బాగుంటే బయటి కంపెనీ డ్రైవర్ ఏదో ఒకటి. సేఫ్ మోడ్‌లో కూడా క్రాష్ అవుతుంటే డ్రైవర్ వేట ఆపండి. అది హార్డ్‌వేరో, బయోసో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్), విండోస్ ఫైళ్ళో అయ్యుండొచ్చు.

5. ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి

కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్', ఎడమ పక్క 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ'. పైన 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్' నొక్కితేనే కింద టిక్‌లు పని చేస్తాయి. ఇది మర్చిపోయి "నాకు మార్చనివ్వట్లేదు" అనేవాళ్ళు చాలామంది. 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' టిక్ తీసి సేవ్ చేయండి. ఆ వరుసే కనపడకపోతే మీ సిస్టమ్‌లో హైబర్నేషన్ (స్థితిని డిస్క్ మీద దాచి ఆగే పద్ధతి) ఆపేసి ఉంది, అంటే ఫాస్ట్ స్టార్టప్ ఇప్పటికే లేదు.

నిజంగా పోయిందా అని చూడాలంటే, షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో 'పెర్ఫార్మెన్స్', 'సీపీయూ' దగ్గర 'అప్ టైమ్' చూడండి. కొన్ని నిమిషాలే ఉండాలి. రోజులు చూపిస్తుంటే టిక్ పోలేదు.

ఎస్‌ఎస్‌డీ ఉంటే ఆన్ అవడానికి పట్టే తేడా కొన్ని సెకన్లే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, రోజు గడిస్తే చాలనుకుంటే ఆగొచ్చు. కానీ డ్రైవర్ జబ్బు అలాగే ఉంది. లాప్‌టాప్ మూత వేసి స్లీప్‌లో పెట్టినప్పుడు అదే 9ఎఫ్ మళ్ళీ పలకరిస్తుంది. నా మాట అడిగితే ఆరో మెట్టు కూడా చేయండి.

6. డంప్ తెరిచి పేరు చదవండి

మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో 'విన్‌డీబీజీ' ఉచితం. అడ్మిన్‌గా తెరిచి, మినీడంప్ ఫోల్డర్‌లోని కొత్త ఫైల్‌ని అందులో ఓపెన్ చేయండి. నెట్ ఉండాలి, మొదటిసారి కాసేపు పడుతుంది. పైన నీలి అక్షరాల్లో 'ఎనలైజ్' కమాండ్ కనిపిస్తుంది, దాన్ని నొక్కండి. పేజీలకు పేజీలు వస్తుంది. మీరు కిందికి దిగి 'మాడ్యూల్ నేమ్', 'ఇమేజ్ నేమ్' వరుసలు మాత్రం చూడండి. అంత ఓపిక లేకపోతే నిర్‌సాఫ్ట్ వాళ్ళ 'బ్లూస్క్రీన్‌వ్యూ' తేలిక, కానీ 9ఎఫ్ విషయంలో అది తరచూ తప్పు పేరు చూపిస్తుంది.

'ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్' అనే పేరు కనిపిస్తే అది విండోస్ కెర్నల్. దొంగతనం చూసి అరిచినవాడు, దొంగ కాదు. 'పీసీఐ', 'ఏసీపీఐ', 'యూఎస్‌బీహబ్3' వస్తే అవి దారులు, ఆ దారి చివర ఉన్న పరికరం ఏదో నాలుగో మెట్టు పరీక్షలతో కలిపి చూసుకోండి. 'ఎన్‌వీ'తో మొదలై 'ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం' అని ఉంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్. తెలియని పేరైతే, సిస్టమ్32 లోపల 'డ్రైవర్స్' ఫోల్డర్‌లో ఆ ఫైల్‌ని వెతికి, రైట్ క్లిక్ 'ప్రాపర్టీస్'లో 'డీటెయిల్స్' చూడండి. కంపెనీ పేరు ఉంటుంది. అక్కడ లేకపోతే సిస్టమ్32లోనే 'డ్రైవర్‌స్టోర్' ఫోల్డర్‌లో వెతకండి.

ఒక్క డంప్ మీద తీర్పు ఇవ్వొద్దు. రెండు మూడు డంప్‌లలో ఒకే పేరు రావాలి. ప్రతిసారీ కొత్త పేరు వస్తుంటే ర్యామ్ చెక్ చేయండి: స్టార్ట్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్'.

7. ఆ ఒక్క డ్రైవర్‌ని సరిచేయండి

ముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే పాత సెట్టింగులకి వెనక్కి వెళ్ళే గుర్తు) పెట్టుకోండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లోని పరికరాల జాబితా) ఆ పరికరం మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'డ్రైవర్' ట్యాబ్. ఈ వరుసలో ప్రయత్నించండి:

క) ఈ మధ్యే అప్‌డేట్ అయ్యాక సమస్య మొదలైతే 'రోల్ బ్యాక్ డ్రైవర్'. బటన్ మసకగా ఉంటే పాత వెర్షన్ దాచి లేదని అర్థం.

చ) లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ కొట్టి, అక్కడి డ్రైవర్‌ని దించుకోండి. వైఫైది అయితే ఫైల్ ముందే దించి పెట్టుకోండి. డ్రైవర్ తీసేశాక నెట్ ఉండదు, హాస్టల్‌లో ఫోన్ హాట్‌స్పాట్ కూడా వైఫై ద్వారానే రావాలి కదా! కావాలంటే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ వాడొచ్చు. తర్వాత 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కి, డ్రైవర్‌ని కూడా తీసేయమనే టిక్ పెట్టండి. ఈ టిక్ పెట్టకపోతే విండోస్ తన దగ్గరున్న పాతదాన్నే మళ్ళీ ఎక్కిస్తుంది. రీస్టార్ట్ చేసి కొత్తది ఇన్‌స్టాల్ చేయండి.

ట) నెట్‌వర్క్ కార్డు అయితే 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపనివ్వాలా అనే మొదటి టిక్ తీసి చూడండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు.

డివైస్ మేనేజర్‌లో కనపడని డ్రైవర్లూ ఉంటాయి: యాంటీవైరస్, కొన్ని వీపీఎన్‌లు, ఆర్‌జీబీ లైట్లు నడిపే సాఫ్ట్‌వేర్. దొంగ వీటిలో ఉంటే మూసేస్తే సరిపోదు, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. యాంటీవైరస్ రెండు ఉంటే ఇప్పుడే ఒకటి తీసేయండి, పరీక్ష కూడా అక్కర్లేదు.

"మీ డ్రైవర్లు 23 పాతబడ్డాయి" అని భయపెట్టే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. ఒక్క డ్రైవర్ చెడితే ఇరవై మూడు మారుస్తాయి, తర్వాత ఏది చెడిందో దేవుడికే తెలియాలి. అందుకే ఒకసారికి ఒకే మార్పు చేయండి, చేసింది కాగితం మీద రాసుకోండి.

8. దొంగ దొరకకపోతేనే: డ్రైవర్ వెరిఫైయర్

ఇది విండోస్‌లోనే ఉంటుంది, 'వెరిఫైయర్' అని వెతికితే వస్తుంది. డ్రైవర్లని ఏడిపించి తప్పు చేసేదాన్ని కావాలనే క్రాష్ చేయిస్తుంది. సిస్టమ్ ఆన్ అవ్వకుండానే మళ్ళీ మళ్ళీ క్రాష్ అవ్వొచ్చు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళడం చేతకాకపోతే, బిట్‌లాకర్ కీ దగ్గర లేకపోతే దీని జోలికి వెళ్ళొద్దు. చేస్తే 'స్టాండర్డ్ సెట్టింగ్స్'తో, పేర్ల జాబితాలోంచి మైక్రోసాఫ్ట్‌వి కానివి మాత్రమే ఎంచుకోండి. పని అయ్యాక మళ్ళీ తెరిచి 'డిలీట్ ఎగ్జిస్టింగ్ సెట్టింగ్స్' కొట్టి రీస్టార్ట్ చేయండి. అది మర్చిపోయి, "సిస్టమ్ స్లో అయింది" అని నెల తర్వాత ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు.

బాగైందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక్కసారి చక్కగా ఆగితే సంబరపడొద్దు. పది షట్‌డౌన్‌లు లెక్కపెట్టండి. ఆన్ చేసిన ఐదు నిమిషాలకే ఆపడం కాదు, రెండు మూడు గంటలు వాడాక, మీరు రోజూ గుచ్చేవన్నీ గుచ్చి, వీపీఎన్ కలిపి ఉన్నప్పుడు ఆపండి. వాటిలో రెండుసార్లు స్లీప్‌లో పెట్టి లేపాక ఆపండి, 9ఎఫ్ అక్కడే ఎక్కువ దాక్కుంటుంది. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతి 1074 తర్వాత 6006 ఉండాలి, 41 గానీ 6008 గానీ ఉండకూడదు. మినీడంప్ ఫోల్డర్‌లో కొత్త తేదీ ఫైల్ రాకూడదు. వారం తర్వాత విండోస్ అప్‌డేట్ ఏదైనా వచ్చాక డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ వెర్షన్ ఇంకోసారి చూడండి. కొన్నిసార్లు అప్‌డేట్ చడీచప్పుడు లేకుండా పాత జబ్బునే తిరిగి తెస్తుంది.

ఇంకా విండోస్ 10లోనే ఉన్నవాళ్ళు: దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పైన చెప్పిన మెట్లన్నీ అందులోనూ పనిచేస్తాయి, మెనూల పేర్లు అక్కడక్కడ కాస్త మారతాయి.

ఇవన్నీ చేసినా ఆగకపోతే మిగిలింది బయోస్ అప్‌డేట్. అది లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే చేయండి, చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే మూగబోవచ్చు, కాబట్టి డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా చేయకండి. దానికీ లొంగకపోతే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ బ్లూ స్క్రీన్ ఫోటో, డంప్ ఫైళ్ళు ఉన్న పెన్‌డ్రైవ్, ఏమేం మార్చారో రాసుకున్న కాగితం ఇవ్వండి. "9ఎఫ్ వస్తోంది, సేఫ్ మోడ్‌లో కూడా వస్తోంది, ఫార్మాట్ వద్దు, ముందు బోర్డు చూడండి" అని చెప్పండి.